గోడకు అంటించిన పూలు

"పిల్లి వెళ్ళిపోయింది కదా నాన్నా, మరి నా ఆయాసం ఎందుకు వెళ్ళలేదు?"

గువ్వ ఆ మాట ఒక్క ఊపిరిలో అనలేకపోయింది. సగంలో ఆగి, గుటక వేసి, మిగతాది పూర్తిచేసింది. వీపుకు రెండు దిండ్లు ఆనించుకుని మంచం మీద కూర్చుంది. గాలి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది.

తండ్రి మోకాళ్ళ మీద వంగి, మంచం కింద టార్చిలైటు వేసి వెతుకుతున్నాడు. పొద్దున లేచినప్పటినుంచీ అదే పని. తివాచీ దులిపాడు. కర్టెన్లు దించాడు. సోఫా దిండ్ల గలీబులు ఊడదీశాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏదైనా ఆగిపోయిందంటే దానికో కారణం ఉంటుందనీ, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందనీ ఆయన నమ్మకం.

"జమీందారు దిగిపోయాడుగానీ వాడి బొచ్చు ఇక్కడే ఎక్కడో కాపురం పెట్టి ఉంటుంది," అన్నాడు.

జమీందారు గువ్వ మేనత్త పెంచుకున్న పిల్లి. బూడిద రంగు, బానపొట్ట, పదిసార్లు పిలిచినా తిరిగి చూడని దర్జా. మేనత్త ఆ పిల్లిని బుట్టలో పెట్టుకుని పోయిన నెల ఈ ఇంటి మెట్లు దిగింది. దిగేటప్పుడు అన్న మొహం చూడలేదు. వదినతో మాత్రం "వెళ్ళొస్తా" అంది. రావడం ఉండదని ఇద్దరికీ తెలుసు.

గువ్వ తల్లి వేణ్ణీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"కాస్త ఈ అలమర పట్టు. వెనకాల కూడా చూద్దాం," అన్నాడు భర్త.

"అది కదలదండీ."

"మనం పెట్టిందేగా, ఎందుకు కదలదు?"

"నిండా బట్టలున్నాయి. ఇప్పుడు దుమ్ము లేపితే పిల్లకి ఇంకా ఎక్కువవుతుంది. డాక్టరు దగ్గరికి కూడా టైమవుతోంది."

దుమ్ము అన్న మాటకు ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆమె మాటే నెగ్గింది. నెగ్గిన మనిషి చేతిలో గ్లాసు ఎందుకు తొణికిందో ఆయన గమనించలేదు. గువ్వ గమనించింది.

"అమ్మా, నీళ్ళు నీ చీర మీద పోస్తున్నావు."

పిల్లల ఊపిరితిత్తుల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ముందు గువ్వ వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత మోచేతి కింద పావుగంట కిందట నర్సు వేసిన చిన్న చిన్న సూది గుర్తులు చూసింది. ఏది ఒంటికి పడదో తేల్చే పరీక్ష అది. వాటిలో ఒకటి మాత్రం దోమ కుట్టినట్టు ఎర్రగా ఉబ్బింది.

"పిల్లి అన్నారు కదా మీరు. పిల్లి ఇది." ఏమీ లేని చోట వేలు పెట్టింది. "చర్మం మామూలుగానే ఉంది చూడండి. మీ పాపకి పిల్లి వల్ల ఇబ్బంది ఉన్నట్టు కనపడటం లేదు."

తండ్రి కుర్చీలో ముందుకు జరిగాడు. "లేదా?"

"లేదనే అనుకుంటున్నాను. పిల్లి ఇంట్లోంచి పోయాక కూడా తగ్గలేదుగా."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె గువ్వ చొక్కా గుండీలు పెడుతోంది. ఒక గుండీ తప్పు కాజాలోకి వెళ్ళింది.

"ఉబ్బింది మాత్రం ఇదీ," అంది డాక్టరమ్మ. "బూజు. సాలెగూడు కాదు, రొట్టె పాతబడితే పడుతుందే, ఆ రకం. చెమ్మ ఉన్న గోడలకి కూడా పడుతుంది, నల్లగా మచ్చలు మచ్చలుగా. కొందరు పిల్లలకి ఆ గాలి అస్సలు సరిపడదు. మీ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పండి. ఎవరైనా సిగరెట్లు కాలుస్తారా?"

"లేదండీ," అన్నాడు తండ్రి.

"దోమల కాయిల్?"

"అప్పుడప్పుడు."

"మానెయ్యండి, తెర కట్టుకోండి. వంటగదిలో పొగ బయటికి పోయే ఫ్యాను ఉందా?"

"ఉందిగానీ చప్పుడు చేస్తుందని వెయ్యం."

"చప్పుడు చేస్తే చెయ్యనివ్వండి. పాప పడుకునే గదికి కిటికీ?"

"ఉందండీ. రోడ్డు దుమ్మొస్తుందని మూసే ఉంచుతాం." ఈసారి తల్లి చెప్పింది.

"వాసన రాకుండా స్ప్రేలు ఏమైనా కొడతారా?"

"కొడతాం. మల్లెపూల వాసనది."

"అదీ వద్దు. మూసిన గదిలో కొట్టిన స్ప్రే ఎక్కడికీ పోదు, పాప గొంతులోకే పోతుంది. బండ్లు తక్కువగా తిరిగే వేళ చూసుకుని కిటికీ తెరవండి. తడిగుడ్డతో తుడవండి, చీపురుతో దుమ్ము లేపకండి." డాక్టరమ్మ మందులు రాస్తూనే ఆఖరి ప్రశ్న వేసింది. "గోడలకి ఎక్కడైనా చెమ్మ ఉందా?"

"లేదండీ," అంది తల్లి.

తలుపు కొడితే "ఎవరూ" అన్నట్టు, ఆలోచన కంటే ముందే నోట్లోంచి వచ్చేసింది ఆ మాట. వచ్చాక అక్కడే నిలబడిపోయింది. వెనక్కి తీసుకోవడానికి బోలెడంత సమయం ఉంది. డాక్టరమ్మ కలం ఇంకా కదులుతూనే ఉంది.

"మా గదిలో గోడకి పూలున్నాయి. అమ్మ అంటించింది," అంది గువ్వ.

డాక్టరమ్మ తలెత్తింది.

"స్టిక్కరండీ. అందం కోసం," అంది తల్లి.

డాక్టరమ్మ ఆమెను ఒక్క క్షణం ఎక్కువగానే చూసింది. "ఇంటికెళ్ళాక ఒకసారి అలమరల వెనక, మంచాల వెనక చూసుకోండి. మందు నేను రాస్తాను. కానీ పాప ఆ గాలే పీలుస్తూ ఉంటే మందు ఎన్నాళ్ళని కాస్తుంది?"

బస్సులో కిటికీ పక్కన గువ్వ, ఈ పక్క తల్లి, ముందు సీటులో తండ్రి. చాలా దూరం వెళ్ళాక ఆయన ముందుకే చూస్తూ అన్నాడు.

"మనిషి కంటే పిల్లి ఎక్కువైందా నీకు అన్నాను నా చెల్లెల్ని."

ఆమె మందుల చీటీని నాలుగు మడతలు పెట్టింది.

"చిన్నప్పుడు బడికి నా చొక్కా అంచు పట్టుకుని నడిచేది. చొక్కా సాగిపోయిందని తిడితే మర్నాడు వేలు పట్టుకునేది. అలాంటిదాన్ని, పిల్లో నువ్వో తేల్చుకోమన్నాను. పనికిమాలిన నోరు."

"పిల్ల కోసం అన్నారు కదా."

"పిల్ల కోసమే. అయినా తప్పు తప్పే." ఆయన వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వైనా నన్ను ఆపాల్సింది. ఆ రోజు పక్కనే ఉన్నావుగా."

ఆమె గువ్వ తల నిమిరింది. చేతికి ఏదో ఒక పని కావాలి.

ఇంతలో ఆయన ఫోను మోగింది. ఎక్కడో ఏదో ఆఫీసులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట, లోపల మనుషులున్నారట. తర్వాతి స్టాపులో పనిముట్ల సంచీ భుజాన వేసుకుని దిగుతూ అన్నాడు. "ఇది అయ్యాక నేరుగా చెల్లెలు పనిచేసే బేకరీకి వెళ్తాను. కాళ్ళు పట్టుకునైనా దాన్ని తీసుకొస్తాను."

బస్సు కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. చేయని తప్పు భుజాన వేసుకుని, తల వంచుకుని.

గువ్వను కింది వాటాలో టైలరమ్మ వరండాలో కూర్చోబెట్టి, ఆమె ఒక్కతే పైకి వచ్చింది. ముక్కుకూ నోటికీ పాత చున్నీ కట్టుకుంది. గది కిటికీ తెరవబోతే గడియ బిగుసుకుపోయి ఉంది. అట్లకాడతో కొడితేగానీ ఊడలేదు. అలమరలో బట్టలన్నీ తీసి హాల్లో పడేసింది. ఖాళీ అలమర కదలడానికి పెద్దగా కష్టపెట్టలేదు.

పూల స్టిక్కరు కింది అంచు తనంతట తానే విడిపోయి ఉంది. పట్టుకుని లాగింది. గులాబీ రంగు పూలన్నీ ఒక్క చాపలా ఊడివచ్చాయి. వెనక సున్నం కూడా పెచ్చులుగా వచ్చింది.

తను మూసిపెట్టినప్పుడు అరచెయ్యంత మచ్చ. ఇప్పుడు గువ్వ ఎత్తున నల్లగా, అక్కడక్కడ పచ్చగా, ముట్టుకుంటే వేలికి అంటుకునే మెత్తదనంతో పాకి ఉంది. గువ్వ మంచం ఆనుకున్న గోడే అది. రోజూ రాత్రి పిల్ల మొహం దాని వైపే ఉండేది.

అంతటికీ మూలం ఒక మేకు.

గువ్వ పుస్తకాలకు చిన్న చెక్క బిగిద్దామని కిందటేడు అడిగితే, "ఆ గోడలో నీళ్ళ పైపుంది, నువ్వు ముట్టుకోకు, నేను చూసి బిగిస్తా" అన్నాడు భర్త. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే మనిషికి తన ఇంట్లో మేకు కొట్టే తీరిక దొరకలేదు. ఆమే సుత్తి పట్టుకుంది. మేకు దిగిందో లేదో సన్నగా నీటి ధార. కంగారుగా పైపులకు పెట్టే ముద్ద తెచ్చి మెత్తింది. ధార ఆగింది. చెమ్మ ఆగలేదు.

చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆయన కొట్టే మనిషీ కాదు, తిట్టే మనిషీ కాదు. నవ్వే మనిషి. ఒకసారి ఆమె ఇస్త్రీపెట్టె తీగ మార్చబోయి ఇల్లంతా చీకటి చేస్తే, ఆ కథ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి నవ్వించాడు. నవ్వే వాళ్ళకు కాఫీలు ఇచ్చింది తనే. మరో కథ ఆయన చేతికి ఇవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అంతే. అంత చిన్న విషయం.

తర్వాత మచ్చ వచ్చింది. తోమితే పోయింది, మళ్ళీ వచ్చింది. పూలు అంటించింది. అలమర జరిపింది. వాసన వస్తే మల్లెపూలు కొట్టింది.

అద్దెకుండే ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టుకున్నావమ్మా అని టైలరమ్మ మెచ్చుకుంటే నిజంగానే సంతోషించింది కూడా.

ఆమె గువ్వ మంచం ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చి, ఆ గది తలుపు దగ్గరగా వేసింది. దుప్పట్లు మరిగే నీళ్ళలో పడేసింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. తర్వాత చెప్పులేసుకుని బేకరీకి బయల్దేరింది. భర్త కంటే ముందు చేరాలి. ముందు ఆడపడుచుకు చెప్పి క్షమించమనడం న్యాయమని తనకు తను చెప్పుకుంది. ఆడపడుచు పక్కన నిలబడితే ఆయనకు చెప్పడం తేలికవుతుందన్న ఆలోచన కూడా ఉంది. ఆ ఆలోచన వైపు మాత్రం చూడకుండా నడిచింది.

బేకరీ వెనక తలుపు దగ్గర, ఖాళీ పిండి బస్తాలు మడిచిపెట్టే చోట, మేనత్త బయటికి వచ్చింది. కేకుల మీద పేర్లు రాయడం ఆమె పని. ఏప్రానుకూ వేళ్ళకూ తెల్లటి క్రీము అంటి ఉంది.

"గువ్వకెలా ఉంది?" అదే మొదటి మాట.

"అలాగే ఉంది. పిల్లి వల్ల కాదట. ఇవాళ తేలింది."

మేనత్త తలుపు చెక్కకు ఆనుకుంది. "పోనీలే. జమీందారు పరువు నిలబడింది," అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి దేనివల్లట?"

"గోడ వల్ల. అలమర వెనక గోడ. నేను…"

"మేకు కొట్టావు," అంది మేనత్త.

గువ్వ తల్లి తలెత్తి చూసింది.

"నీకెలా తెలుసు?"

"జమీందారు ఒకరోజు అలమర వెనక దూరి రానంటే చెయ్యి పెట్టి లాగాను. కాళ్ళు నల్లగా చేసుకుని వచ్చాడు. స్టిక్కరు మూల ఎత్తి చూశాను వదినా. మేకూ చూశాను, ముద్దా చూశాను. అన్నయ్యకి తెలీదని అర్థమైంది. తెలిస్తే ఆ ఇస్త్రీపెట్టె కథకి జోడీ దొరుకుతుందని ఊరుకున్నా." ఏప్రాను అంచుతో వేళ్ళు తుడుచుకుంది. "గోడ పాడైందనే అనుకున్నానుగానీ, పిల్ల ఊపిరి పాడవుతుందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే నోరు విప్పేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, అందులో నా పాపం కూడా ఉందని."

"నీ పాపం ఏముందే పిచ్చిదానా. నీమీద నింద పడుతుంటే కూడా నోరెత్తలేదు నువ్వు."

"నీ కాపురంలో గొడవెందుకని."

లోపల ఎవరో ట్రేలు సర్దుతున్న చప్పుడు.

"అన్నయ్యకి చెప్పావా?"

"ఇంకా లేదు. ఆయన ఇక్కడికే వస్తానన్నారు."

మేనత్త ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నేను ఒప్పుకుంటాలే. మేకు నేనే కొట్టానంటాను. ఎలాగూ పుట్టింట్లో పేరు చెడ్డదాన్ని. ఇంకో నింద మోయలేనా?"

గువ్వ తల్లి వద్దనలేదు. వెంటనే అనలేదు. అనాల్సిన క్షణం కళ్ళ ముందే జరిగిపోతుంటే, అది పోవడం చూస్తూ నిలబడింది. అంతలో సందు మలుపులో సంచీ భుజాన వేసుకుని భర్త కనిపించాడు.

భార్యను అక్కడ చూసి ఆగాడు. తర్వాత చెల్లెలి ముందుకు వచ్చి సంచీ దించాడు.

"నేను అన్నవన్నీ…"

"ఉండన్నయ్యా. ముందు నామాట విను," అంది మేనత్త. "గువ్వ గదిలో ఆ గోడకి మేకు కొట్టింది…"

"నేను," అంది గువ్వ తల్లి.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏ గోడ? ఏ మేకు?"

ఆమె చెప్పింది. పైపు, ముద్ద, మచ్చ, పూలు, అలమర. గొంతు పెరగలేదు, తగ్గలేదు. "డాక్టరు గారు అడిగితే లేదన్నాను. అదీ నేనే. మీరు విన్నారు."

ఆయన నవ్వలేదు. కోప్పడనూ లేదు. సంచీ మీద కూర్చున్నాడు. పని చేసొచ్చిన చేతులకు నూనె మరకలు. ఆ చేతుల్నే చూసుకుంటూ అడిగాడు. "అంటే ఇన్నాళ్ళూ పిల్లని ఆ గోడ పక్కనే పడుకోబెడుతున్నామా?"

"అవును."

"జోలపాడి పిల్లని ఎక్కడ పడుకోబెడుతున్నానో అని నీకు ఒక్కసారి…" చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వుండే గదికి కిటికీ ఉందా?"

"రెండున్నాయి."

"గోడ బాగయ్యేదాకా గువ్వని నీ దగ్గరుంచుతావా?"

"ఉంచుతాను. వదినతో కలిపి ఉంచుతాను. తల్లి లేకుండా పిల్ల నా గుమ్మం ఎక్కదు, ముందే చెప్తున్నా." మేనత్త చెయ్యి ఇంకా వదిన భుజం మీదే ఉంది. "తప్పు చేసింది. ఒప్పుకుంది. నువ్వు నవ్వుతావని భయపడి దాచింది. అందులో నీ వంతు కూడా ఉంది, చూసుకో."

ఆ మాట ఆయనకు తగిలింది. తలెత్తి భార్య వైపు చూశాడు.

"నవ్వాను, నిజమే," అన్నాడు. "సరే. ఇంకేమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. రేపొకటి ఎల్లుండొకటి వినే ఓపిక నాకు లేదు."

లేదు అంటే సరిపోయేది. పొద్దున వచ్చినంత తేలిగ్గా వచ్చేదే ఆ మాట. భుజం మీద ఆడపడుచు చెయ్యి వెచ్చగా ఉంది. మంచం హాల్లోకి వచ్చేసింది. రేపోమాపో ప్లంబరు వస్తాడు, పిల్ల తేరుకుంటుంది. ఇంక దాని గురించి ఎవరూ అడగరు.

"ఉంది," అంది.

ఆయన సంచీ మీంచి లేచాడు.

"పిల్లి వల్లేమో అని మొదట అన్నది మీరు కాదు, నేను. మీరు మర్చిపోయారు. అప్పటికే నాకు గోడ మీద అనుమానం వచ్చింది. గువ్వ హాల్లో పడుకున్న రోజు బాగుండేది, ఆ గదిలోకి వెళ్తే ఆయాసం వచ్చేది. అది గమనించాను. గమనించాకే…" ఆమె భర్తను చూడలేదు. ఆడపడుచును చూస్తూ చెప్పింది. "ఇంకో పేరేదైనా దొరుకుతుందా అని వెతికాను. ఎదురుగా జమీందారు కూర్చుని ఉన్నాడు."

బేకరీలోంచి ఎవరో మేనత్తను పిలిచారు.

భుజం మీది చెయ్యి నెమ్మదిగా జారింది. ఆ చేతిని మేనత్త కాసేపు చూసుకుంది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"వస్తున్నా," అంది లోపలికి. తర్వాత వదినతో, ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు, "గువ్వని పంపండి," అంది.

ఇన్నేళ్ళలో ఆమె వదినను "మీరు" అన్నది అదే మొదటిసారి. తలుపు మెల్లగానే వేసుకుంది. ధడాలున వేసినా బాగుండేదనిపించింది గువ్వ తల్లికి.